జంతికలు, మురుకులు, చక్రాలు: సరుకు ఒకటే, పేర్లు మూడు. గూగుల్‌లో పైకి రావాలంటే ఏది రాయాలి?

గోదారి_వంటిల్లు (రాజమండ్రి)

అందరికీ నమస్కారం. పిండివంటలు, పచ్చళ్లు అమ్మే చిన్న సైటు మాది. మా అత్తగారు, నేను, ఇద్దరు పనివాళ్లు, అంతే. వంట సంగతి మాకు తెలుసు. ఈ సెర్చ్ సంగతే కొరుకుడు పడటం లేదు.

మా దగ్గర అన్నిటికంటే ఎక్కువ పోయేవి జంతికలు. ఇక్కడ ఎవరైనా ఆ మాటే అంటారు. ఆర్డర్లు మాత్రం చాలావరకు హైదరాబాద్ నుంచి. వాళ్లు ఫోన్ చేసి "మురుకులు ఉన్నాయా అండీ" అని అడుగుతారు. గుంటూరు, విజయవాడ వైపు వాళ్లయితే "చక్రాలు" అంటారు. గూగుల్‌లో "జంతికలు" అని కొడితే మా పేజీ మొదటి పేజీ అడుగునైనా కనిపిస్తోంది. "మురుకులు" అని కొడితే ఎక్కడున్నామో వెతుక్కోవాలి.

ఒక డిజిటల్ మార్కెటింగ్ ఏజెన్సీకి అప్పజెప్పాం. వాళ్లు మూడు పేర్లకీ మూడు పేజీలు పెట్టారు. ఫొటో అదే, రేటు అదే, పేరొక్కటే మారింది. ఇప్పుడేమో "ఎల్‌ఎస్‌ఐ కీవర్డ్స్" ప్యాకేజీ అని 200 మాటల లిస్టు పంపారు. ఇవన్నీ పేజీలో ఇరికిస్తే ర్యాంకు వస్తుందట, దానికి వేరే డబ్బులట. లిస్టులో సకినాలు, చేగోడీలు, కారప్పూస, "దక్షిణాది చిరుతిండి", "కరకర ఖాద్యం" కూడా ఉన్నాయి. నమూనాగా రాసిచ్చిన పేరా ఇదీ:

> మా జంతికలు మురుకులు చక్రాలు బెస్ట్ జంతికలు మురుకులు చక్రాలు. ఆన్‌లైన్‌లో జంతికలు కొనండి, మురుకులు కొనండి, చక్రాలు కొనండి. మా చక్రాలు మురుకులు జంతికలు కరకర ఖాద్యం.

అత్తగారు ఇది చదివి "ఎవరు తింటారని రాశారే ఇది?" అన్నారు. డబ్బులు కట్టే ముందు మీ మాట వినాలని ఇక్కడికొచ్చాను.

పాత_కీబోర్డు (హైదరాబాద్)

కట్టకండి మేడమ్.

"ఎల్‌ఎస్‌ఐ" (లేటెంట్ సెమాంటిక్ ఇండెక్సింగ్) అన్న మాట వినపడగానే జాగ్రత్త పడాలి. అది అబద్ధపు మాట కాదు, అసలు టెక్నాలజీయే. 1980ల చివర్లో అమెరికాలోని బెల్‌కోర్ అనే టెలిఫోన్ పరిశోధన సంస్థ వాళ్లు తయారుచేశారు, 1989లో పేటెంటు వచ్చింది. ఏ మాటలు ఏ మాటలతో కలిసి వస్తున్నాయో లెక్కగట్టి పత్రాలను వెతికే పద్ధతి. అప్పటికి వెబ్ అనేదే లేదు. పరిమితమైన పత్రాల గుట్టలో వెతకడానికి పుట్టిన పద్ధతి అది. దాని పేరు తగిలించి మాటల లిస్టులు అమ్ముకోవడం తర్వాత మొదలైంది. గూగుల్ తరఫున మాట్లాడే జాన్ ముల్లర్ 2019లోనే ఎల్‌ఎస్‌ఐ కీవర్డ్స్ అనేవే లేవని, ఉన్నాయని చెప్పేవాళ్లు పొరబడుతున్నారని బహిరంగంగా రాశారు. అయినా ఆ వ్యాపారం ఆగలేదు.

అలాగని పర్యాయపదాలతో పనే లేదనుకోకండి. 2010 జనవరిలో గూగుల్ తన బ్లాగులో చెప్పిన లెక్క ప్రకారం, తాము సపోర్ట్ చేసే వందకు పైగా భాషల్లో జరిగే సెర్చ్‌లలో 70 శాతంపై పర్యాయపదాల ప్రభావం ఉంది. అంటే మీరు ఒక మాట కొడితే, దానికి దగ్గరి మాటలున్న పేజీలను కూడా అదే తెచ్చి చూపిస్తుంది. సందర్భాన్ని బట్టి అర్థం కూడా మార్చుకుంటుంది: జీఎం పత్తి అంటే జన్యుమార్పిడి, జీఎం కార్లంటే జనరల్ మోటార్స్.

మీరు తేల్చుకోవాల్సింది ఒకటే. మీ మూడు పేర్లూ ఒకటేనని తెలుగులో దానికి తెలుసా, తెలియదా?

బెర్ట్_భక్తుడు (బెంగళూరు)

తెలుసు. మాటల వెనక అర్థం పట్టుకోవడానికి గూగుల్ సెర్చ్‌లోకి 2013లో హమ్మింగ్‌బర్డ్, 2015లో ర్యాంక్‌బ్రెయిన్, 2019లో బెర్ట్ అనే వ్యవస్థలు వచ్చాయి. బెర్ట్ అక్టోబర్‌లో ఇంగ్లీషుకి వచ్చింది, డిసెంబర్‌లో 70కి పైగా భాషలకి విస్తరించింది, అందులో తెలుగూ ఉంది. ఇంకా పర్యాయపదాలు పట్టుకుని వేలాడటం 2008 నాటి పద్ధతి. ఒక్క పేరుతో మంచి పేజీ రాయండి, మిగతాది గూగుల్ చూసుకుంటుంది.

మానుకోట_రాజు (మహబూబాబాద్)

అన్నా, చూసుకుంటే ఆమె ఇక్కడ పోస్ట్ ఎందుకు పెడతారు?

మా దిక్కు జంతికలు అనే మాట చాలామందికి తెలియదు. టీవీలో వినుంటారేమో గానీ సెర్చ్‌లో ఎవరూ కొట్టరు. మాకు మురుకులే. బంగాళాదుంప మాకు ఆలుగడ్డ, ఉల్లిపాయ ఉల్లిగడ్డ, గోంగూర పుంటికూర. హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు రెండూ తెలుసు గానీ, ఫోన్‌లో టైప్ చేసేటప్పుడు ఇంట్లో మాటే వస్తుంది.

పాత_కీబోర్డు

బెర్ట్ వాక్యం అర్థం చేసుకోవడానికి ఉపయోగపడుతుంది, నిజమే. కానీ రెండు మాటలు ఒకటేనని యంత్రం నేర్చుకోవాలంటే ఆ రెండూ కలిసి, లేదా ఒకేలాంటి సందర్భంలో, చాలా చోట్ల కనిపించాలి. "బంగాళాదుంప", "ఆలుగడ్డ" గురించి నెట్‌లో బోలెడు ఉంది. పల్లెల్లో మాత్రమే వాడే పేర్లతో ఎంత రాత ఉంది? అందుకే వాదన వద్దు, పరీక్ష చేద్దాం.

ఇన్‌కాగ్నిటో విండో (మీ పాత సెర్చ్‌ల ప్రభావం పడని ప్రైవేట్ విండో) తెరిచి ఒక పేరు కొట్టండి. వచ్చిన రిజల్ట్స్ కింద రెండు లైన్ల వివరణ ఉంటుంది కదా, అందులో మీరు కొట్టని రెండో పేరు కూడా బోల్డ్‌లో కనిపిస్తే రెండిటికీ సంబంధం కలిపిందని అర్థం. తర్వాత రెండో పేరు కొట్టి, మొదటి పది రిజల్ట్స్‌లో ఎన్ని ఒకటే ఉన్నాయో చూడండి. చాలావరకు అవే వస్తే, గూగుల్ లెక్కలో ఆ రెండూ ఒకటే ప్రశ్న. పూర్తిగా వేరేవి వస్తే, రెండో పేరు మీ పేజీలో కంటికి కనిపించేలా ఉండి తీరాలి.

గోదారి_వంటిల్లు

చేసి చూశాను. "జంతికలు" కొడితే ఎక్కువగా ఆంధ్ర వంటల సైట్లు, వీడియోలు. "మురుకులు" కొడితే దాదాపు వేరే సైట్లు, మధ్యలో తమిళ మురుకు కూడా. ఒకటి రెండు మాత్రమే రెండిట్లోనూ ఉన్నాయి. "చక్రాలు" కొడితే బండి చక్రాలు, యోగా చక్రాలు వచ్చాయి 😀

చిత్తూరు_సుధ

చక్రాలకి పక్కన "పిండివంట" అనో "తయారీ" అనో చేర్చి కొట్టండి, దారికొస్తుంది. సైటులో కూడా ఆ మాట ఒంటరిగా వదలకండి.

ఇంకో సంగతి చెప్పాలి. పర్యాయపదాలు అనుకుని గుడ్డిగా చేర్చితే కొంప మునుగుతుంది. మా వైపు అనపకాయలంటే చిక్కుడు జాతి కాయలు, సంక్రాంతి రోజుల్లో అనపగింజల కూర లేని ఇల్లుండదు. గోదావరి జిల్లాల్లో ఆనపకాయ అంటే సొరకాయ. తేడా ఒక్క దీర్ఘం. అక్కడి బ్లాగు "ఆనపకాయ పులుసు" మా వాళ్లకి కనపడితే, గింజల పులుసు అనుకుని తెరిచి, సొరకాయ ముక్కలు చూసి మూసేస్తారు. అదే పేజీలో మొదటి లైన్లో "ఆనపకాయ అంటే సొరకాయ" అని ఉంటే ఏ గొడవా లేదు.

వేరుశనగ చూడండి. హైదరాబాద్‌లో పల్లీలు, మాకు చెనిక్కాయలు, కర్నూలు వైపు బుడ్డలు. సరుకు ఒకటే, కాబట్టి ఒక పేజీలో కలిపి చెప్పొచ్చు. మీ ఏజెన్సీ లిస్టులో సకినాలు ఉండటమే నాకు అర్థం కాలేదు.

మానుకోట_రాజు

అదే అనబోతున్నా. సకినాలకీ మురుకులకీ పోలికే లేదు. నానబెట్టిన బియ్యం పిండి పట్టించి, నువ్వులు, వాము కలిపి, గుడ్డ మీద చేత్తో చుట్లు చుట్లుగా తిప్పుతారు. గొట్టమే వాడరు. సకినాలు కావాలని వచ్చినవాళ్లకి జంతికలు చూపిస్తే, మా అమ్మ అయితే ఫోన్ పక్కన పడేసి తిడుతుంది.

పాత_కీబోర్డు

బాగా చెప్పారు ఇద్దరూ. రెండు రకాల మాటల్ని ఏజెన్సీ కలిపేసింది.

జంతికలు, మురుకులు, చక్రాలు: ఒకే సరుకుకి వేర్వేరు ఊళ్ల పేర్లు. ఒక్కసారి స్పష్టంగా చెప్పి, అవసరమైనచోట వాడితే చాలు.

బియ్యప్పిండి, శనగపిండి, వాము, నువ్వులు, వెన్న, జంతికల గొట్టం, బిళ్ల, నూనె కాగడం, గాలి చొరని డబ్బా, ఎన్నాళ్లు నిల్వ ఉంటాయి: ఇవి సంబంధిత మాటలు. వీటిని లిస్టు చూసి ఎవరూ ఇరికించక్కర్లేదు. వండేవాళ్లు వండేదాని గురించి నిజంగా రాస్తే వాటంతటవే వస్తాయి. ఆవకాయ గురించి తెలిసిన మనిషి రాస్తే ఆవపిండి, జాడీ, నువ్వుల నూనె, టెంకతో కొట్టిన ముక్క, మూడో రోజు తిరగ కలపడం రాకుండా ఉంటాయా? కొనేవాడి అసలు అనుమానం, అంటే ముక్క మెత్తబడుతుందా, వెల్లుల్లి వేశారా, అమెరికా పంపితే నూనె కారుతుందా, దానికీ జవాబు వస్తుంది. ఈ మాటలన్నీ ఉన్న పేజీ పైకి రావడం చూసి, మాటల వల్లే పైకొచ్చిందనుకుంటారు జనం. అది పైకొచ్చింది తెలిసిన మనిషి రాయడం వల్ల.

సకినాలు, చేగోడీలు మీరు నిజంగా అమ్ముతుంటే వాటికి వేరే పేజీలుండాలి. అమ్మకపోతే ఆ మాటలతో మీకు పనే లేదు.

బెర్ట్_భక్తుడు

ఒప్పుకుంటాను, తెలుగులో ఊరి పేర్ల దగ్గర గూగుల్ తడబడుతుంది. కానీ మూడు పేజీల సంగతి ఎవరూ మాట్లాడలేదు. అదే అన్నిటికంటే చెడ్డ పని. ఒకే సరుకు, ఒకే రాత, పేరు మాత్రం మార్చి దగ్గర దగ్గర ప్రశ్నల కోసం పేజీలు పెంచుకుంటూ పోవడాన్ని గూగుల్ స్పామ్ విధానాల్లో డోర్‌వే పేజీలు అంటారు. శిక్ష పడకపోయినా నష్టమే. బయటి సైట్లు మీకిచ్చే లింకులు మూడుగా చీలతాయి, ఏది చూపించాలో గూగుల్ తేల్చుకోలేదు, ఇవాళ ఒకటి రేపు ఇంకోటి చూపిస్తుంది. బాగా నడిచే జంతికల పేజీని ఉంచి, మిగతా రెండిటినీ 301 రీడైరెక్ట్‌తో (పాత అడ్రసు తెరిస్తే కొత్తదానికి శాశ్వతంగా పంపే ఏర్పాటు) దానికి మళ్లించండి. తీసేసి 404 (పేజీ లేదు అనే ఎర్రర్) రానివ్వకండి, వాటికి ఎవరైనా లింకు ఇచ్చి ఉంటే అదీ పోతుంది.

డాలస్_బాబాయ్

మా గోడు కూడా కాస్త వినండమ్మాయ్. ఇక్కడ మాలాంటి వాళ్ల ఫోన్లో తెలుగు కీబోర్డు ఉండదు, ఉన్నా వాడే ఓపిక ఉండదు. ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు కొడతాం. అందులోనూ ఒక్కొక్కరిది ఒక్కో స్పెల్లింగు. జంతికల్లో "త"కి టీ పక్కన హెచ్ పెట్టేవాళ్లు కొందరు, పెట్టనివాళ్లు కొందరు. పచ్చడిలో "చ్చ"కి ఎన్ని హెచ్‌లు పెట్టాలో మా ఇంట్లోనే ఏకాభిప్రాయం లేదు. నీ సైటు మొత్తం తెలుగు లిపిలో ఉంటే నేనెలా పట్టుకోను?

పాత_కీబోర్డు

బాబాయ్ చెప్పింది చాలా ముఖ్యం, విదేశాలకు పంపేవాళ్లకి మరీను. పేజీ అడ్రసు, అంటే యూఆర్‌ఎల్, ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టండి. సరుకు పేరు కింద చిన్న లైన్లో జంతికలు, మురుకులు రెండూ ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కసారి రాయండి. స్పెల్లింగులన్నీ పేర్చక్కర్లేదు. హెచ్ ఉన్నా లేకపోయినా కలిపి చూడటం గూగుల్‌కి బాగానే వచ్చు. ఏ స్పెల్లింగు ఎక్కువో సెర్చ్ కన్సోల్ (సైటు ఓనర్లకి గూగుల్ ఇచ్చే ఉచిత టూల్) చెబుతుంది, అదే వాడండి.

తెల్ల పేజీ మీద తెల్ల అక్షరాలతో స్పెల్లింగులన్నీ దాచిపెట్టే తెలివి మాత్రం ఎవరైనా చెబితే వినకండి. దాచిన టెక్స్ట్ కూడా స్పామ్ కిందికే వస్తుంది. కీవర్డ్స్ మెటా ట్యాగ్‌లో (పేజీ కోడ్‌లో పైకి కనపడని చోటు) మాటలు నింపడం కూడా దండగ, ర్యాంకింగ్‌కి దాన్ని చూడటం లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది.

గోదారి_వంటిల్లు

సెర్చ్ కన్సోల్ ఉంది గానీ, అందులో ఏం చూడాలో ఏజెన్సీ ఎప్పుడూ చెప్పలేదు. నెలకోసారి పీడీఎఫ్ పంపేవాళ్లు, అందులో అన్నీ పచ్చ బాణాలే.

పాత_కీబోర్డు

పెర్ఫార్మెన్స్ రిపోర్టు తెరవండి. క్వెరీ (జనం కొట్టిన ప్రశ్న) ఫిల్టర్‌లో రెజెక్స్, అంటే నమూనా ఇచ్చి వెతికే పద్ధతి, ఎంచుకుని జంతిక|మురుకు|చక్రాల అని ఇవ్వండి. మధ్యలో నిలువు గీత అంటే "లేదా" అని. "జంతికలు" అని పూర్తిగా ఇవ్వకండి. మన భాషలో మాట తోక మారుతూ ఉంటుంది కదా: జంతికలు, జంతికల తయారీ, జంతికలకి. మొదటి ముక్క ఇస్తే అన్నీ పడతాయి. పచ్చడి, పచ్చళ్లు అయితే మొదలే మారిపోతుంది కాబట్టి పచ్చడి|పచ్చళ్ అని రెండూ ఇవ్వాలి.

ఇప్పుడు ఇంప్రెషన్లు (రిజల్ట్స్‌లో మీ పేజీ కనిపించిన సార్లు) ఎక్కువ, క్లిక్కులు దాదాపు సున్నా, సగటు స్థానం 15, 20 దగ్గర ఉన్న ప్రశ్నలు చూడండి. గూగుల్ మిమ్మల్ని చూపిస్తోంది గానీ కింద ఎక్కడో. ఆ ప్రశ్నల్లోని మాట మీ పేజీలో ఉందో లేదో వెతకండి. లేకపోతే అదే మీరు చేర్చాల్సిన మాట. ఏ లిస్టూ కొనక్కర్లేదు, మీ దగ్గరికి వచ్చినవాళ్లే చెబుతున్నారు.

ఇంకో మంచి చోటు మీ వాట్సాప్, మీ ఫోన్. ఆర్డర్ ఇచ్చేటప్పుడు జనం ఏ మాట వాడుతున్నారో రాసి పెట్టుకోండి.

చిత్తూరు_సుధ

తెలుగు వికీపీడియాలో దారిమార్పు పేజీలు కూడా చూడండి. ఒక పేరు కొడితే ఇంకో పేరున్న వ్యాసానికి వెళ్తుంది కదా, అవి ఒక రకంగా ఉచిత పర్యాయపదాల లిస్టే. యూట్యూబ్ సెర్చ్ బాక్సులో సగం మాట కొట్టి ఆగితే వచ్చే సలహాలు కూడా. వంటల విషయంలో జనం గూగుల్ కంటే యూట్యూబ్‌లోనే ఎక్కువ వెతుకుతారని నా అభిప్రాయం.

నిఘంటువుల దగ్గర మాత్రం జాగ్రత్త. "ఖాద్యం" మంచి మాటే, కానీ ఆకలేసినవాడు ఫోన్లో టైప్ చేయడు. అదే జిల్లాల వారీగా మాటలు ఏరిన పదకోశాలైతే బంగారం. భద్రిరాజు కృష్ణమూర్తి గారి పర్యవేక్షణలో సేకరించి 1962లో వేసిన వ్యవసాయ వృత్తి పదాల కోశంలో ఒకే పనిముట్టుకి ఏ జిల్లాలో ఏమంటారో ఉంటుంది. గూగుల్ పుట్టడానికి ముప్పై ఏళ్ల ముందే మనవాళ్లు కీవర్డ్ రీసెర్చ్ చేశారన్నమాట.

గోదారి_వంటిల్లు

కన్సోల్ చూశాను. కళ్లు తిరిగాయి. "మురుకులు" ఉన్న ప్రశ్నలకి ఇంప్రెషన్లు బాగానే ఉన్నాయి, క్లిక్కులు లేవు. ఏజెన్సీ పెట్టిన మురుకుల పేజీ, జంతికల పేజీ రెండూ ఒకే ప్రశ్నకి మారి మారి వస్తున్నాయి, బెర్ట్ గారు చెప్పినట్టే. రెండు పేజీలూ మళ్లించేశాం.

అత్తగారు చెబుతుంటే నేను రాసిన కొత్త పేరా ఇది. చూసి చెప్పండి:

> జంతికలు (మురుకులు)
> గోదావరి జిల్లాల్లో జంతికలు అంటాం. హైదరాబాద్‌లో మురుకులు, గుంటూరు వైపు చక్రాలు అనే పిండివంట ఇదే. కొత్త బియ్యం పిండి జిగురెక్కుతుంది కాబట్టి పాత బియ్యమే పట్టిస్తాం. శనగపిండి, వాము, నువ్వులు, కాచిన వెన్న వేసి కలిపి, గొట్టంలో పెద్ద కన్నాల బిళ్ల పెట్టి వత్తుతాం. వేరుశనగ నూనెలో, మంట తగ్గించి, బుడగలు ఆగేదాకా వేయిస్తాం. పిల్లలకి, పళ్లు లేనివాళ్లకి వెన్న ఎక్కువ వేసి గుల్లగా చేసిన రకం వేరే ఉంది, ఆర్డర్‌లో చెప్పండి. మూత గట్టిగా పెడితే మూడు వారాలు కరకరలాడతాయి. తమిళ మురుకులా మినప్పిండి ఇందులో ఉండదు.

పాత_కీబోర్డు

టైటిల్‌లో రెండు పేర్లే పెట్టి మూడోది పేరాలో వదలడం సరైన పని. టైటిల్ పొడుగైతే గూగుల్ తోక కత్తిరిస్తుంది. చివరి వాక్యం నాకు అన్నిటికంటే నచ్చింది. ఏది కాదో కూడా చెప్పారు. ఫొటో ఆల్ట్ టెక్స్ట్‌లో (ఫొటోలో ఏముందో చెప్పే కోడ్‌లోని రాత) "ఇమేజ్ 1" అనుంటే మార్చి "స్టీలు పళ్లెంలో జంతికలు" అని మామూలుగా రాయండి. అక్కడ కూడా మూడు పేర్లూ కుక్కకండి.

డాలస్_బాబాయ్

పళ్లు లేనివాళ్ల రకం ఒక రెండు కేజీలు పంపిస్తావా? నాకు కాదు, మా ఆవిడకి అని రాసుకో.

మానుకోట_రాజు

"ఇదే" అని ఒక్క మాటలో చెప్పడం బాగుంది అక్కా. మా దిక్కు మురుకులు కొంచెం కారంగా చేస్తాం. కారం రకం ఉంటే ఆ మాట కూడా పెట్టండి, వెతుకుతారు.

గోదారి_వంటిల్లు

ఉంది, "కారం మురుకులు" అనే చేరుస్తాను. ఒక అనుమానం. ఈ మార్పు వల్ల తెలంగాణ నుంచి వచ్చేవాళ్లు పెరిగారో లేదో కన్సోల్‌లో ఎలా చూడాలి?

బెర్ట్_భక్తుడు

కన్సోల్‌లో దేశం వరకే ఫిల్టర్ ఉంటుంది, రాష్ట్రం ఉండదు. రాష్ట్రం, ఊరు కావాలంటే గూగుల్ అనలిటిక్స్‌లో చూడాలి, అయితే అక్కడ ఏ మాట కొట్టి వచ్చారో కనపడదు. గూగుల్ ట్రెండ్స్‌లో రెండు పేర్లనీ రాష్ట్రాల వారీగా పోల్చొచ్చు గానీ, తెలుగు లిపి మాటలకి తరచుగా తగినంత డేటా లేదనే వస్తుంది. కన్సోల్‌లో "మురుకు" ఉన్న ప్రశ్నల క్లిక్కులు, అనలిటిక్స్‌లో తెలంగాణ విజిట్లు, రెండూ కలిసి పెరిగితే నమ్మొచ్చు.

పోయిన వారంతో మాత్రం పోల్చకండి. పిండివంటలకి సంక్రాంతి ముందు ఎలాగూ పెరుగుతాయి, ఆ పెరుగుదలని చూపించే ఏజెన్సీలు డబ్బులు వసూలు చేస్తాయి. కన్సోల్‌లో 16 నెలల డేటా ఉంటుంది. పోయిన సంక్రాంతితో ఈ సంక్రాంతిని పెట్టి చూడండి.

విత్తనాల_శీను (నంద్యాల)

మొత్తం చదివాను, మంచి చర్చ. నాది విత్తనాలు, పురుగుమందుల షాపు సైటు. రైతులు పురుగు పేరు కొట్టరు, "ఆకు ముడుచుకుపోతోంది", "కాయ రాలిపోతోంది" అని లక్షణం కొడతారు. దానికి పర్యాయపదాలు ఎలా పట్టాలి? పంటకో పేజీ పెట్టాలా, లక్షణానికో పేజీ పెట్టాలా?

మోడరేటర్

శీను గారూ, ఇది పెద్ద ప్రశ్న, ఇక్కడ కలిసిపోతుంది. వ్యవసాయం విభాగంలో కొత్త థ్రెడ్ తెరిచి, మీ కన్సోల్‌లో కనిపిస్తున్న ప్రశ్నలు కొన్ని పెట్టండి. రైతులు కొట్టిన మాటలు కొట్టినట్టే ఉంచండి, దిద్దకండి. పాత కీబోర్డు గారిని, సుధ గారిని అక్కడ ట్యాగ్ చేస్తాను.